మానిన తాగుడు ఎందుకు తిరగబెడుతుంది? – ఒట్ల చరిత్ర, లెక్కల చరిత్ర

జ్వరం తిరగబెట్టిందంటే మనం రోగిని తిట్టం. మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకుపోతాం. మానేసిన తాగుడు తిరగబెడితే మాత్రం వెంటనే తీర్పు చెప్పేస్తాం. "వాడికి మనసు గట్టిది కాదు", "దేవుడి మీద ఒట్టేసి తప్పాడు, ఇక బాగుపడడు", "సెంటర్లో పెట్టి అంత డబ్బు పోశాం, బూడిదలో పోసిన పన్నీరయింది". ఈ మాటలు విననివాళ్ళు మనలో ఉండరు.

నేను డాక్టర్ని కాను. కామర్స్ చదువుకుని, ఉద్యోగమంతా రక్షణ శాఖ పద్దులు సరిచూస్తూ గడిపినవాణ్ణి. ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం కూడా పద్దులే. తాగుడు మాన్పిస్తామన్నవాళ్ళు గత రెండు వందల ఏళ్ళలో చాలామంది వచ్చారు. వాళ్ళు మానినవాళ్ళను జమ వైపు రాసుకున్నారు గానీ, మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళను ఖర్చు వైపు రాయలేదు. ఆ రెండో వైపు కూడా రాయడం మొదలుపెట్టాకే, తిరగబెట్టడానికి అసలు కారణాలేమిటో బయటపడ్డాయి. నేను చెప్పదలుచుకున్నది ఆ కథే.

ఒట్టుతో మొదలుపెడదాం. ఒట్టు మన దేశానికే ప్రత్యేకం అనుకోనక్కరలేదు. 1838లో ఐర్లండులోని కార్క్ నగరంలో ఫాదర్ మాథ్యూ అనే క్రైస్తవ సన్యాసి మద్యం ముట్టనని జనం చేత ప్రమాణం చేయించడం మొదలుపెట్టాడు. కొద్ది ఏళ్ళలోనే లక్షల మంది ప్రమాణం చేసి మెడల్స్ కట్టుకున్నారు. ఆయన చేతిలో మహిమ ఉందని కూడా చాలామంది నమ్మారు. తర్వాత ఐర్లండును మహా కరువు ముంచేసింది, జనం చెల్లాచెదురయ్యారు, ఉద్యమం నీరుగారిపోయింది. ప్రమాణం చేసినవాళ్ళ సంఖ్య చరిత్రలో మిగిలింది. నిలబెట్టుకున్నవాళ్ళ సంఖ్య ఎవరూ రాసిపెట్టలేదు.

అమెరికాలో ఇంకో తీరు. 1840లో బాల్టిమోరులో ఆరుగురు తాగుబోతులు ఒక సారాకొట్టులోనే కూర్చుని ఇక తాగమని సంఘం పెట్టుకున్నారు. వాషింగ్టన్ పేరు పెట్టుకున్న ఆ సంఘం దావానలంలా పాకింది, కొన్నేళ్ళకే చల్లారింది. ఆ కాలంలో పేరు మోసిన ఉపన్యాసకుడు జాన్ గాఫ్. పుస్తకాలు బైండు చేసే పనివాడు. 1842లో ప్రమాణం చేశాడు, కొద్ది నెలలకే తప్పాడు, మళ్ళీ చేశాడు. 1845లో న్యూయార్కులో దాదాపు వారం రోజులు కనపడకుండా పోయి ఒక పాడు కొంపలో తాగిన స్థితిలో దొరికాడు. తాను తాగిన సోడాలో ఎవరో మందు కలిపారని చెప్పుకున్నాడు. పత్రికలు ఆడుకున్నాయి. ఒట్టు సిద్ధాంతం ప్రకారమైతే అతని కథ అక్కడితో ముగిసిపోవాలి. కానీ అతను మరో నలభై ఏళ్ళు, 1886లో చనిపోయేదాకా, మద్యానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిస్తూనే ఉన్నాడు. తిరగబెట్టడం వేరు, బాగుపడకపోవడం వేరు అని అతని జీవితమే చెప్పింది. ఆ రోజుల్లో ఎవరూ దాన్ని అలా చదవలేదు.

ఒట్టు తర్వాత మందు వచ్చింది. 1879లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డ్వైట్ అనే చిన్న ఊళ్ళో లెస్లీ కీలీ అనే డాక్టరు బంగారు మందుతో తాగుడు మాన్పిస్తానని ప్రకటించాడు. నాలుగు వారాలు ఉంచి రోజుకు నాలుగు సూదులు పొడిచేవాడు. మందులో ఏముందో రహస్యం. నూటికి 95 మందికి నయమవుతుందని ప్రచారం. దేశమంతటా శాఖలు వెలిశాయి. మరి ఇంటికెళ్ళి మళ్ళీ తాగినవాళ్ళ సంగతి? దానికి కీలీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నా మందుతో రోగం పోయింది, ఇప్పుడు తాగేది అతని ఇష్టం కొద్దీ తాగుతున్నాడు! నయమైతే మందు గొప్ప, కాకపోతే రోగి తప్పు. ఇలా రాసిన ఖాతాలో నష్టం ఎప్పటికీ కనపడదు. ఇవాళ మన వీధి గోడల మీద, టీవీ చానళ్ళలో "అన్నంలో తెలియకుండా కలిపి పెట్టండి, మూడు రోజుల్లో తాగుడు మాయం" అనే ప్రకటనల వెనక ఉన్నదీ ఇదే ఖాతా.

20వ శతాబ్దంలో తాగుడు రోగమనే అభిప్రాయం బలపడింది. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. 1957లో అది బొంబాయికి వచ్చింది. జెలినెక్ అనే పరిశోధకుడు 1960లో తాగుడు రోగమనే భావన మీద పెద్ద పుస్తకం రాశాడు. తాగుబోతు అనే మాట తిట్టుగా కాక రోగి అనే అర్థంలోకి మారడం మంచిదే. అయితే ఆడిటరు కళ్ళతో చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. జెలినెక్ 1946లో తాగుడు ఏయే దశల్లో ముదురుతుందో ఒక పట్టిక ఇచ్చాడు. దానికి ఆధారం ఏఏ సభ్యులే తయారుచేసి తమ పత్రికలో వేసిన ప్రశ్నలు. జవాబులిచ్చినవాళ్ళు 158 మంది. లెక్కలోకి తీసుకున్నది 98 మందిని. జాగ్రత్తగా వాడుకోండని ఆయనే హెచ్చరించాడు. హెచ్చరికను మరిచిపోయి పట్టికను మాత్రం అందరూ పట్టుకున్నారు.

ఆ రోగ భావనలో ఒక గట్టి నమ్మకం ఇమిడి ఉంది. తాగుబోతు ఒంట్లోకి ఒక్క చుక్క వెళ్ళిందంటే చాలు, రసాయనమే అతన్ని లాక్కుపోతుంది, ఇక అదుపుండదు అని. ఇది నిజమో కాదో పరీక్షించవచ్చు కదా? పరీక్షించారు. 1966లో ఇంగ్లండులో జూలియస్ మెర్రీ అనే డాక్టరు ఆస్పత్రిలో ఉన్న కొద్దిమంది రోగులకు ఉదయం ఇచ్చే విటమిను పానీయంలో వాళ్ళకు తెలియకుండా కొంచెం వోడ్కా కలిపాడు. కలిపిన రోజులకూ కలపని రోజులకూ వాళ్ళు చెప్పిన తపనలో తేడా లేదు.

1973లో అమెరికాలో అలన్ మార్లట్, అతని సహచరులు ఇంకా పకడ్బందీగా చేశారు. తాగుడు అలవాటు ముదిరినవాళ్ళు 32 మంది, మామూలుగా అప్పుడప్పుడూ తాగేవాళ్ళు 32 మంది. రుచి చూసి చెప్పమని గ్లాసులిచ్చారు. కొందరికి వోడ్కా అని చెప్పి వోడ్కా కలిపిందే ఇచ్చారు, కొందరికి వోడ్కా అని చెప్పి ఉత్త టానిక్ నీళ్ళిచ్చారు. కొందరికి ఉత్త టానిక్ అని చెప్పి వోడ్కా కలిపి ఇచ్చారు, మిగిలినవాళ్ళకు టానిక్ అని చెప్పి టానిక్కే ఇచ్చారు. ఎవరు ఎక్కువ తాగారు? గ్లాసులో వోడ్కా ఉన్నవాళ్ళు కాదు. వోడ్కా ఉందని నమ్మినవాళ్ళు. రెండు గుంపుల్లోనూ అదే ఫలితం. గ్లాసులో ఉన్నదానికంటే బుర్రలో ఉన్నది ఎక్కువ పనిచేసిందన్నమాట. హేతువాదులం మనం తాయెత్తుల గురించి, మంత్రించిన నీళ్ళ గురించి ఎప్పుడూ చెప్పేది ఇదే కదా!

ఇక్కడ ఒక జాగ్రత్త. దీనర్థం తాగుడు అంతా మానసికమే, ఒంటికి సంబంధం లేదు అని కాదు. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో లేనివి కనపడి వినపడే మతిభ్రమ రావచ్చు. చూసేవాళ్ళకు దయ్యం పట్టినట్టే ఉంటుంది. చికిత్స లేకపోతే ప్రాణమే పోవచ్చు. అలాంటివాణ్ణి గుడి దగ్గర కట్టేయడం నేరం. ఆస్పత్రికి తీసుకుపోవాలి. కానీ ఆ గండం వారం పది రోజులది. తాగుడు తిరగబెట్టేది ఎక్కువగా ఆ తర్వాత, ఒళ్ళు కుదుటపడ్డాక. మరి అప్పుడు లాగేదేమిటి?

ఎప్పుడు లాగుతుందో ముందు చూద్దాం. 1971లో హంట్, బార్నెట్, బ్రాంచ్ అనే ముగ్గురు చికిత్స పూర్తయినవాళ్ళ లెక్కలు తీసి గీత గీశారు. సారా, సిగరెట్టు, హెరాయిన్ మూడింటికీ గీత దాదాపు ఒకేలా వచ్చింది. మొదటి మూడు నెలల్లో నిట్టనిలువుగా పడిపోయింది, దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆ లోపే మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత గీత చదునైంది. మూడు వేరువేరు పదార్థాలకు ఒకటే గీత వస్తే, కారణం పదార్థంలోనే వెతికితే సరిపోతుందా?

ఒక జవాబు అంతకు చాలా ముందే కనపడింది. 1948లో కెంటకీలోని లెక్సింగ్టన్ ఆస్పత్రిలో అబ్రహాం విక్లర్ అనే డాక్టరు వింత చూశాడు. నల్లమందు జాతి మత్తు మానేసి నెలలైన రోగులు గుంపుగా కూర్చుని పాత రోజుల గురించి మాట్లాడుకుంటుంటే ఆవలింతలు, ముక్కు కారడం మొదలయ్యేవి. మత్తు మానిన తొలిరోజుల్లో వచ్చే లక్షణాలు మాటలకే తిరిగొచ్చాయి. గంట కొడితే పావ్‌లోవ్ కుక్కకు నోరూరినట్టే. పాత దారి, పాత దోస్తు, సాయంత్రం ఆరున్నర, జీతం రోజు, వేయించిన పల్లీల వాసన, బెల్టు షాపు ముందు ప్లాస్టిక్ గ్లాసుల చప్పుడు, ఇవన్నీ గంటలే. డీ-అడిక్షన్ సెంటర్లో ఉన్న నెల రోజులూ ఈ గంటలేవీ మోగవు. ఇంటికొచ్చిన రోజు సాయంత్రమే అన్నీ కలిసి మోగుతాయి.

దీనికి అతి పెద్ద సాక్ష్యం సైన్యం నుంచే వచ్చింది. వియత్నాం యుద్ధంలో అమెరికా సిపాయిల్లో అయిదో వంతు మంది హెరాయిన్‌కు బానిసలయ్యారు. 1971 నుంచి లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగొచ్చినవాళ్ళను వెతికి పట్టుకుని లెక్క తీసింది. అక్కడ బానిసలైనవాళ్ళలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనవాళ్ళు నూటికి 5 మందే. మూడేళ్ళలో కొద్దికాలమైనా మళ్ళీ ఆ స్థితికి వెళ్ళినవాళ్ళు 12 మంది. ఇది హెరాయిన్ సంగతి, సారా సంగతి కాదని గుర్తుంచుకోవాలి. అయినా విషయం స్పష్టం. వాళ్ళ గంటలన్నీ సముద్రానికి అవతల ఉండిపోయాయి. మన మనిషి పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. చికిత్స సెంటర్లో, గంటలన్నీ ఇంటి దగ్గర.

ఇప్పుడు మన అయ్యప్ప మాల గురించి ఆలోచించండి. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివాడు మాల తీసిన రాత్రే సీసా ముందు కూర్చోవడం మనం చూస్తూనే ఉన్నాం. భక్తులు మొదటి సగాన్ని మహిమ అంటారు, మనవాళ్ళు రెండో సగాన్ని చూసి నవ్వుతారు. ఇద్దరూ అసలు సంగతి వదిలేస్తున్నారు. మాల వేసుకోగానే బట్టలు మారతాయి. పేరు పోయి "స్వామీ" అనే పిలుపు వస్తుంది. తెల్లవారుజామున స్నానం, సాయంత్రం ఆరున్నరకు భజన. తోటి స్వాములతోనే తిండి, నేల మీద పడక. దోస్తులు గ్లాసు అందించరు సరికదా, ఎదురుగా తాగడానికి కూడా జంకుతారు. గంటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మాల తీయగానే అన్నీ తిరిగొచ్చాయి. ఇందులో దేవుడు చేసిందేమీ లేదు, మనిషి దొంగ అని కూడా అర్థం కాదు. చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది, మళ్ళీ మారింది. మహిమ అనుకున్నంత కాలం ఈ పాఠం ఎవరూ నేర్చుకోరు.

సరే, గంట మోగినంత మాత్రాన అందరూ తాగరు కదా? మార్లట్ బృందం తర్వాత చేసిన పని నాకు చాలా ఇష్టం. పడిపోయినవాళ్ళనే కూర్చోబెట్టి అడిగారు. మొదటి గ్లాసు ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, అప్పుడు మనసులో ఏముంది అని. 1980లో తాగుడు, సిగరెట్లు, హెరాయిన్, జూదం, అతిగా తినడం అన్నీ కలిపి 311 సంఘటనల లెక్క వచ్చింది. నూటికి 35 సందర్భాల్లో దిగులు, కోపం, విసుగు, ఒంటరితనం లాంటి మనోస్థితి. 16 సందర్భాల్లో ఇంట్లోనో ఆఫీసులోనో గొడవ. 20 సందర్భాల్లో పక్కవాళ్ళ బలవంతం లేదా ప్రోద్బలం. అంటే మూడే మూడు రకాల పరిస్థితులు నూటికి 70కి పైగా సంఘటనలకు కారణం. ఖర్చు వైపు రాస్తే తెలిసేది ఇదీ. "మనసు గట్టిది కాదు" అనే ఒక్క ముక్క స్థానంలో, ముందుగా ఊహించి సిద్ధపడదగిన పరిస్థితుల జాబితా వచ్చింది.

1985లో మార్లట్, జుడిత్ గోర్డన్ కలిసి తెచ్చిన పుస్తకంలో ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. కాలు జారడం వేరు, బోర్లా పడటం వేరు. మొదటి గ్లాసుకూ పూర్తిగా పాత తాగుడులోకి వెళ్ళిపోవడానికీ మధ్య ఒక మెట్టుంది. ఆ మెట్టు మీద మనిషి తనకు తాను ఏం చెప్పుకుంటాడన్నదే కీలకం. "ఒట్టు తప్పాను, నేనింతే, నా వల్ల కాదు" అనుకున్నవాడికి సిగ్గు, అపరాధ భావం ముంచుకొస్తాయి. ఆ బాధను మరిచిపోవడానికి అతనికి తెలిసిన మందు ఒకటే. మన భాషలో మందు అంటే రెండూ కదా! మునిగినవాడికి చలేమిటన్న సామెత ఉంది. ఒక గ్లాసుతో మునిగాననుకున్నవాడు పది గ్లాసులకు జంకడు. "ఆ రోజు ఆ గొడవ తర్వాత ఆ దారిన వెళ్ళాను, అందుకే జరిగింది, రేపు ఆ దారిన పోను" అనుకోగలిగినవాడు ఒడ్డున పడే అవకాశం ఎక్కువ.

ఒట్టు మీద నా అసలు అభ్యంతరం ఇక్కడే. ఒట్టు వేసినన్నాళ్ళూ ఎంతో కొంత పనిచేస్తుంది, కాదనను. కానీ తప్పిన రోజున ఏం చేయాలో అది చెప్పదు. పైగా దేవుడికి కోపం వస్తుందనీ, బిడ్డలకు కీడు జరుగుతుందనీ భయం జోడిస్తుంది. బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్న ఇంట్లో ఆ బిడ్డకు జ్వరమొస్తే తండ్రి మనసులో ఏముంటుందో ఆలోచించండి. అతన్ని మళ్ళీ సీసా వైపు తోయడానికి అంతకంటే ఏం కావాలి?

పడిపోయే దారిలో చిన్న చిన్న నిర్ణయాలు కూడా ఉంటాయని మార్లట్ చూపించాడు. చుట్టాలొస్తారు గదా అని ఇంట్లో ఒక సీసా కొనిపెట్టడం. పెళ్ళిలో మందు ఏర్పాట్లు నేను చూసుకుంటానని ముందుకు రావడం. రెండు నెలలైంది, నాకిప్పుడు అదుపు వచ్చిందో లేదో చూద్దామని పాత జట్టులో కూర్చోవడం. విడిగా చూస్తే ఒక్కోటీ తప్పుగా కనపడదు. అన్నీ కూడితే మొత్తం తేలుతుంది.

ఇదంతా తిరుగులేని సత్యమని నేను అనడం లేదు. 1996లో ఇతర పరిశోధకులు మార్లట్ వర్గీకరణను మళ్ళీ పరీక్షించారు. ఏ సంఘటన ఏ రకమో నిర్ణయించడంలో పరీక్షకుల మధ్య తేడాలొచ్చాయి, ముందుగా జోస్యం చెప్పే శక్తి కూడా అనుకున్నంత లేదని తేలింది. మార్లట్ తన నమూనాను 2004లో సవరించుకున్నాడు. 1999లో 26 అధ్యయనాలను, 9,504 మందిని కలిపి చూస్తే ఈ పద్ధతి సారా విషయంలో బాగానే పనిచేస్తుందనీ, తాగుడు తగ్గడంలో కంటే జీవితం కుదుటపడటంలో ఫలితం ఎక్కువనీ కనపడింది. కీలీ ఇలాంటి లెక్క ఎప్పుడూ చూపించలేదు. శాస్త్రానికీ గారడీకీ తేడా అదే.

మనకు కొంచెం ఇబ్బందిగా ఉండే లెక్క కూడా చెప్పాలి. 2020లో కోక్రేన్ సమీక్ష ఏఏ పద్ధతి మీద వచ్చిన 27 అధ్యయనాలను కలిపి చూసింది. ఏఏ సమావేశాలకు పద్ధతిగా పంపే చికిత్సలో ఏడాది తర్వాత పూర్తిగా మానినవాళ్ళు నూటికి 42 మంది, ఇతర మానసిక చికిత్సల్లో 35 మంది. ఏఏ సూత్రాల్లో తనకంటే పై శక్తికి లొంగడం ఉంది, మనకది నచ్చదు. నచ్చనంత మాత్రాన లెక్క మారదు. ఎలా పనిచేస్తోందని వెతికినవాళ్ళకు ప్రధానంగా దొరికింది తాగని స్నేహితులు దొరకడం, నేను నిలబడగలననే నమ్మకం పెరగడం. పడిపోయి వచ్చినవాణ్ణి అక్కడ గెంటేయరు. మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టుకోమంటారు. దేవుడు లేకుండా అలాంటి జట్టు కట్టగలమా అన్నది మన సంఘాలు వేసుకోవాల్సిన ప్రశ్న. నవ్వి ఊరుకుంటే మనకు దక్కేదేమీ లేదు.

మన ప్రాంతాల అనుభవమూ ఇదే చెబుతోంది. మద్రాసులో 1980లో శాంతి రంగనాథన్ మొదలుపెట్టిన సంస్థ 1989 నుంచి తంజావూరు ప్రాంతంలోని మంజక్కుడిలో ఊళ్ళోనే శిబిరాలు పెట్టింది. మనిషిని ఊరి నుంచి తీసుకుపోకుండా, ఊరివాళ్ళను, ఇంటివాళ్ళను కలుపుకుని, తర్వాత కూడా వెంటపడి చూసుకునే పద్ధతి అది. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఆస్పత్రి నుంచి వెళ్ళాక తమ బస్తీలోనే పలకరింపు, సలహా అందినవాళ్ళు మిగతావాళ్ళకంటే మెరుగ్గా ఉన్నారు. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 377 మంది మగవాళ్ళ మీద చేసిన ప్రయోగం 2017లో వచ్చింది. వీళ్ళు ఇంకా పూర్తిగా బానిసలు కాని, హానికరంగా తాగేవాళ్ళు. మూడు నెలలకు గట్టున పడ్డవాళ్ళు మాటసాయం అందినవాళ్ళలో నూటికి 36, అందనివాళ్ళలో 26.

2019లో కేంద్ర ప్రభుత్వం తరఫున ఎయిమ్స్ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో సారా వల్ల సాయం అవసరమైనవాళ్ళు 5 కోట్ల 70 లక్షలు. బానిసలైనవాళ్ళలో ఏదో ఒక చికిత్స అందినట్టు చెప్పింది 38 మందిలో ఒక్కరు. మిగతా 37 మందికి దిక్కు ఒట్టు, తాయెత్తు, నాటుమందు, లేదా ఏమీ లేకపోవడం.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరినైనా సెంటర్లో చేర్చేటప్పుడు ఎంతమందిని మాన్పించారని అడక్కండి. బయటికెళ్ళినవాళ్ళను మూడు నెలల తర్వాత, ఏడాది తర్వాత ఎంతమందిని కలుసుకున్నారు, వాళ్ళలో ఎంతమంది తాగకుండా ఉన్నారు అని అడగండి. జవాబు లేకపోతే అది కీలీ దుకాణమే. మీకు తెలియకుండా అన్నంలో కలిపే మందు జోలికి పోకండి. 1948లో డెన్మార్కులో వెలుగు చూసిన డైసల్ఫిరాం లాంటిది అందులో ఉంటే, తెలియక తాగినవాడి గుండెకే ముప్పు. డాక్టరు పర్యవేక్షణలో, రోగికి తెలిసి వాడే మందులు వేరే ఉన్నాయి.

ఇంటికొచ్చాక మొదటి మూడు నెలల సాయంత్రాలు ఎలా గడవాలో అతనితో కూర్చుని కాగితం మీద రాయండి. కాలు జారితే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా అందులోనే రాయండి. ఆ రోజు వస్తే ఒట్టు గుర్తు చెయ్యకండి. ఏం జరిగింది, ఎక్కడ, ఎవరితో అని అడగండి. జ్వరం తిరగబెడితే మనం చేసేది అదే కదా.